బావగారికి ఆ వేషం ఎవరిచ్చారు?

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. నాకు 47 ఏళ్లు. పెళ్లి చేసుకోలేదు. తెనాలి దగ్గర మా ఊళ్లో వ్యవసాయం చేస్తాను, ఇరవై ఏళ్లుగా నాటకాలు వేస్తున్నాను. మా బృందం రష్యన్ రచయిత చెహోవ్ రాసిన ‘వాన్యా మామయ్య’ నాటకాన్ని తెలుగులోకి తెచ్చుకుని పద్నాలుగు నెలలు రిహార్సల్ చేసింది. ఇప్పుడు మూతపడిన ఒక సినిమా హాల్లో దాన్ని కెమెరాతో తీస్తున్నాం. నాది వాన్యా వేషం.

మా అక్క పోయి ఆరేళ్లయింది. పసుపు కుంకుమ కింద ఆమెకిచ్చిన నాలుగెకరాలు పదహారేళ్లుగా నేనే చూస్తున్నాను. కౌలు డబ్బులు హైదరాబాద్‌లో ఉండే బావగారికి పంపుతాను. ఆయన రిటైరైన లెక్చరర్. సంక్రాంతికి వచ్చినప్పుడు పాత లెక్కలన్నీ ఒకసారి రాసివ్వమన్నారు. అప్పట్నుంచి నా మనసు మనసులో లేదు.

పోయిన వారం మూడో అంకం తీశాం. ప్రొఫెసర్ మీద వాన్యా విరుచుకుపడే సీన్. నాలుగో టేక్‌లో ఎదుటి నటుడి కాలర్ పట్టుకున్నాను. స్క్రిప్ట్‌లో అది లేదు. అతని చొక్కా గుండీ తెగింది, మెడ మీద గోరు గీసుకుంది. ‘ప్రొఫెసర్‌గారూ’ అనాల్సిన చోట ‘బావా’ అన్నాను. డైరెక్టర్ కట్ చెప్పలేదు. తర్వాత వచ్చి కౌగిలించుకుని, ఇన్నాళ్లకు పాత్రలో జీవించావన్నాడు. ఆదివారం చివరి అంకం తీస్తారు. వచ్చేముందు బావగారికి ఒక ఫోన్ చేసి రమ్మన్నాడు, ఆ వేడి మొహంలో ఉండాలట. లెక్కలు రాసే సీన్ కోసం మా ఇంట్లో ఉన్న అసలు కౌలు పుస్తకమే పట్టుకురమ్మన్నాడు.

పాతికేళ్లు మా కష్టం మీద బతికినవాడు, ఏనాడూ మట్టి ముట్టనివాడు నన్ను లెక్కలడిగాడు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. మేనకోడలు ఫోన్ చేస్తే నాటకంలో వాన్యా మేనకోడలు సోన్యాతో మాట్లాడినట్టే ఉంటోంది. నేను పాత్రలో జీవిస్తున్నానా, పాడైపోతున్నానా? మానేయమంటారా?

సమాధానం: నాటకం మానకండి. ఆ ఫోన్ మాత్రం చేయకండి.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఒక అంకె దగ్గర ఆగిపోయాను. మొదట్లో పదహారేళ్లు అని రాశారు. చివరికొచ్చేసరికి అది పాతికేళ్లయింది. మధ్యలో వచ్చి చేరిన ఆ తొమ్మిదేళ్లు ఎవరివి? వాన్యావి. పాతికేళ్లు ఎస్టేటు చూసి, ఆ డబ్బు ప్రొఫెసర్‌కి పంపింది వాన్యా. పాతికేళ్లు కళ గురించి రాసి, కళంటే ఏమిటో తెలియనివాడని తిట్లు తిన్నది ప్రొఫెసర్ సెరెబ్ర్యకోవ్. మీ బావగారు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. మీరు పంపే కౌలు రాకపోతే పొయ్యి వెలగని స్థితిలో ఆయన ఎప్పుడూ లేరనే అనుకుంటున్నాను.

మీరు వాన్యాగా మారిపోతున్నానని భయపడుతున్నారు. నటుడికి అది ఎప్పుడో ఒకప్పుడు తగిలే దెబ్బే, మానుతుంది. నాకు భయం వేసింది ఇంకోచోట. మీకు తెలియకుండానే బావగారికి ప్రొఫెసర్ వేషం కట్టేశారు. పాపం, ఆయన రిహార్సల్‌కి రాలేదు, స్క్రిప్ట్ చూడలేదు, తను నాటకంలో ఉన్నట్టే ఆయనకు తెలియదు. ఆయన నోట్లోంచి మామూలు మాట వచ్చినా మీకు మూడో అంకం డైలాగే వినిపిస్తోంది.

ఇందులో మీ తప్పు కన్నా మన భాష మహిమ ఎక్కువుంది. ఇంగ్లిష్ అంకుల్ లాగే రష్యన్ వాళ్ల ‘ద్యాద్యా’ కూడా బాబాయికీ మామయ్యకూ ఒకటే మాట. తెలుగులోకి తెచ్చినప్పుడు మాత్రం తేల్చి మామయ్య అనక తప్పదు, అనగానే కథ సగం మన పెరట్లోకి వచ్చేస్తుంది. సోన్యాకి మేనమామ వాన్యా. అంటే ప్రొఫెసర్ అతనికి బావ. ఎస్టేటు అతని తోబుట్టువుకి కట్నంగా కొన్నది. ధర 95 వేల రూబుళ్లు. తండ్రి 70 వేలు కట్టాడు, 25 వేలు అప్పు మిగిలింది. తోబుట్టువు మీద ప్రేమతో వాన్యా తన వాటా వదులుకున్నాడు, పదేళ్లు ఎద్దులా పనిచేసి అప్పు తీర్చాడు. ఏడాదికి 500 రూబుళ్ల జీతం. మాస్కోలో చూసినవాళ్ల కంటే తెనాలిలో చూసేవాళ్లకి ఈ లెక్క తొందరగా ఎక్కుతుంది. మీ వయసూ 47, వాన్యా వయసూ 47. ఇన్ని కలిశాక కాలు జారకుండా ఉండటం ఎవరికైనా కష్టమే.

కానీ తేడా కూడా చూడండి. మూడో అంకంలో ప్రొఫెసర్ ఏం చేస్తాడు? ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, ఎస్టేటు అమ్మేద్దాం, ఆ డబ్బు బాండ్లలో పెడదాం, మిగిలితే ఫిన్లండ్‌లో చిన్న ఇల్లు కొనుక్కుందాం అంటాడు. మీ బావగారు అమ్ముదామనలేదు. లెక్కలు రాసివ్వమన్నారు. అడిగిన తీరు బాగాలేదేమో, అందరి ముందూ అడిగారేమో, మీకు మనసు కష్టపడింది. ఆ కష్టం నిజం. దాన్ని నేను కొట్టిపారేయను. కానీ నాటకంలో వాన్యాని ఎవరూ లెక్కలడగరు. అతని ఏడుపే అది, పాతికేళ్లలో అతను ఏం చేశాడో ఒక్కరూ అడగకపోవడం. మిమ్మల్ని అడిగారు.

ఇక పాత్రలో జీవించడం గురించి. మన దగ్గర నటుణ్ని మెచ్చుకోవాలంటే పరకాయ ప్రవేశం చేశాడంటాం. నేనూ చాలాసార్లు ఆ మాట వాడాను, సన్మాన సభల్లో అయితే మరీ. కానీ ఆ కథ మొత్తం గుర్తు చేసుకోండి. శంకరాచార్యులు అమరుక మహారాజు శరీరంలోకి వెళ్లబోయే ముందు ఏం చేశారు? తన శరీరాన్ని గుహలో దాచి, శిష్యుల్ని కాపలా పెట్టారు. తిరిగొచ్చే గడువు చెప్పారు. అంతఃపుర సుఖాల్లో పడి ఆయనా గడువు మరిచిపోతే, శిష్యులే గాయకుల వేషంలో కొలువుకి వెళ్లి పాట పాడి గుర్తు చేశారు. అంతటివాడికే కాపలా కావలసి వచ్చింది. మీరు కాపలా లేకుండా వెళ్లారు. కాపలా ఉండాల్సిన డైరెక్టరేమో గుహ తలుపు మూసేసి చప్పట్లు కొడుతున్నాడు.

ఇప్పుడు న్యూయార్క్ సంగతి. మూతపడిన హాలు, నెలల తరబడి రిహార్సల్, చివరికి ప్రదర్శన బదులు కెమెరా అన్నారు కాబట్టి, మీ డైరెక్టర్ 1994లో వచ్చిన ‘వాన్యా ఆన్ ఫార్టీ సెకండ్ స్ట్రీట్’ చూసే ఈ పనికి దిగాడని ఊహిస్తున్నాను. మంచి గురువునే ఎంచుకున్నాడు. ఆండ్రే గ్రెగరీ అనే నాటక దర్శకుడు ఏళ్ల తరబడి కొందరు నటులతో ఈ నాటకం రిహార్సల్ చేయించాడు. టికెట్టు పెట్టి ఆడాలన్న ఆలోచన లేదు. అప్పుడప్పుడూ కొద్దిమంది మిత్రుల్ని పిలిచి చూపించేవాళ్లు. దాన్ని లూయీ మాల్ సినిమాగా తీశాడు, అదే అతని చివరి సినిమా. తీసింది న్యూయార్క్‌లో 1903లో కట్టిన న్యూ ఆమ్‌స్టర్‌డామ్ థియేటర్లో. అప్పటికి అది పాడుబడి ఉంది. స్టేజి పైన తాళ్లను ఎలుకలు కొరికేయడంతో స్టేజి వాడలేక ప్రేక్షకులు కూర్చునే చోటే నాటకం ఆడారు. నటులు మామూలు బట్టల్లోనే ఉంటారు, బల్ల మీద కాగితం కాఫీ కప్పులుంటాయి.

ఆ సినిమా మొదలు చూశారా? నటులు రద్దీ వీధిలో నడిచొస్తారు, లోపల కబుర్లాడుకుంటారు. వాన్యా వేసిన వాలెస్ షాన్ అలసిపోయి ఒక బల్ల మీద నడుం వాలుస్తాడు. డాక్టర్ వేషగాడు లారీ పైన్, ఆయా వేసిన పెద్దావిడ ఫీబీ బ్రాండ్ ఏదో మాట్లాడుకుంటుంటారు. ఎప్పుడో ఒక క్షణాన మనకి తట్టుతుంది, ఇది కబుర్లు కాదు, చెహోవ్ మొదటి అంకం నడుస్తోందని. గీత ఎక్కడ దాటారో తెలియదు. తర్వాత వాన్యా నిద్ర లేచి వస్తాడు. అసలు నాటకంలోనూ అతని ఎంట్రీ భోజనం చేసి పడుకుని లేచి రావడమే. ఎంత అందమైన కిటుకో చూడండి.

మీ డైరెక్టర్‌కి అర్థం కానిది ఇక్కడుంది. గీత చెరిగింది చూసేవాళ్లకి. ఆడేవాళ్లకి అది ఎక్కడుందో అంగుళాలతో సహా తెలుసు. ఏ మాట దగ్గర కబురు ఆగి నాటకం మొదలవ్వాలో తెలియకపోతే అంత నున్నగా ఎలా దాటతారు? అంకానికీ అంకానికీ మధ్య సినిమా ఆగుతుంది, గ్రెగరీ వచ్చిన అతిథులతో మాట్లాడతాడు, మళ్లీ మొదలవుతుంది. ఏళ్ల తరబడి చేసిన రిహార్సల్ పూనకం తెచ్చుకోవడానికి కాదు. పూనకం అవసరం లేనంతగా ఆ మాటలు ఒంటబట్టడానికి. మీరు పద్నాలుగు నెలలు చేశారు. మీకూ అది ఒంటబట్టే ఉంటుంది. కాలర్ పట్టుకోకుండానే మొదటి మూడు టేకులూ చేశారుగా. నాకెందుకో ఆ మూడింటిలో ఒకటి నాలుగోదానికన్నా బాగుండి ఉంటుందనిపిస్తోంది. ఎడిటింగ్‌లో చూడండి.

చెహోవ్ ఈ విషయంలో ఇంకా కఠినుడు. 1899లో మాస్కో ఆర్ట్ థియేటర్ ఈ నాటకం మొదటిసారి ఆడబోతున్నప్పుడు ప్రొఫెసర్ రెండో భార్య యెలేనా వేషం నటి ఓల్గా క్నిప్పర్‌ది, డాక్టర్ ఆస్త్రోవ్ వేషం దర్శకుడు స్తనిస్లావ్‌స్కీది. చివరి అంకంలో ఆస్త్రోవ్ యెలేనాతో మాట్లాడేటప్పుడు మునిగిపోయేవాడు గడ్డిపరక పట్టుకున్నట్టు, ప్రేమతో ఊగిపోతూ ఆడాలని స్తనిస్లావ్‌స్కీ అనుకున్నాడు. ఆ సంగతి క్నిప్పర్ ఉత్తరం రాస్తే చెహోవ్ జవాబిచ్చాడు: అది తప్పు, పూర్తిగా తప్పు. ఆస్త్రోవ్ ఆఫ్రికా ఎండల గురించి ఏ గొంతుతో మాట్లాడతాడో యెలేనాతోనూ అదే గొంతుతో మాట్లాడతాడు, ముద్దు కూడా ఊరికే, తోచక పెడతాడు అని. తర్వాత ఇంకోసారి స్తనిస్లావ్‌స్కీతో, చివర్లో ఆస్త్రోవ్ ఈల వేస్తాడు, వాన్యా ఏడుస్తుంటే ఇతను ఈల వేస్తాడు అన్నాడు. మొదట అది స్తనిస్లావ్‌స్కీకి మింగుడు పడలేదు. వేసి చూశాక సరిగ్గా కుదిరింది.

మీ సీన్‌లోనూ అదే సంగతి. వాన్యా అరుస్తూ అరుస్తూ, నేను షోపెన్‌హావర్‌ని అయ్యేవాణ్ని, దస్తయేవ్‌స్కీని అయ్యేవాణ్ని అంటాడు, వెంటనే ఏదేదో వాగుతున్నానని తనే అంటాడు. పిస్తోలు పేల్చేటప్పుడు చిన్నపిల్లాడిలా నోటితో ‘ఠాప్’ అంటాడు. గుండు తగలదు. రెండుసార్లూ తగలదు. జనం ఆ సీన్‌లో నవ్వాలి, నవ్వాక గొంతు పూడుకుపోవాలి. మీరు నిజంగా కాలర్ పట్టుకుంటే ఎవరు నవ్వుతారు? మీ టేక్ ఒక మంచి కుటుంబ తగాదా అయ్యుంటుంది. చెహోవ్ అయ్యుండదు.

నా సంగతి కూడా చెబుతాను. నలభై దాటిన కొత్తలో ఒక పరిషత్తు నాటకంలో కొడుకుని ఇంట్లోంచి గెంటేసే తండ్రి వేషం వేశాను. ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది, ఊరూరా ఆడాం. ఆ సీజన్ అంతా మా అబ్బాయి నేను ఇంటికొచ్చే వేళకి పక్కింట్లో ఉండేవాడు. నాకు తెలియనే తెలియదు. ఒకరోజు అన్నం పెడుతూ మా ఆవిడ, షీల్డు షోకేసులో పెట్టారు సరే, ఆ మనిషిని కూడా అక్కడే పెట్టి రావచ్చుగా అంది. వాడిని నేను ఒక్క దెబ్బ కొట్టలేదు, ఒక్క మాట అనలేదు. గొంతు మాత్రం ఇంటికి తెచ్చుకున్నాను. సురభి వాళ్లని తలుచుకుంటే సిగ్గేస్తుంది. తరాలుగా కుటుంబాలకు కుటుంబాలే నాటకాల్లో ఉన్నాయి. స్టేజి మీద శత్రువులైనవాళ్లు తెర దిగగానే ఒక్క చోట కూర్చుని అన్నం తినాలి. గొంతు ఇంటికి తెచ్చుకుంటే వాళ్లకి పూట గడవదు.

సరే, ఆదివారం ఏం చేయాలి?

ముందుగా, మెడ గీసుకున్న మీ తోటి నటుడి ఇంటికి శనివారమే వెళ్లండి. ఫోన్‌లో కాదు. చొక్కా కొనిపెట్టండి. ఆ సీన్ మళ్లీ తీయాల్సి వస్తే ఎవరి చెయ్యి ఎక్కడిదాకా వెళ్తుందో ఇద్దరూ కలిసి ఖాయం చేసుకోండి. కెమెరాకి ఇది ఇంకా అవసరం. స్టేజి మీద ఒక రాత్రి ఒకలా, ఇంకో రాత్రి ఇంకోలా ఆడినా చెల్లుతుంది. సినిమాలో దూరం షాట్‌లో లేని చెయ్యి క్లోజప్‌లో కాలర్ మీదుంటే ఎడిటర్ దాన్ని ఎక్కడ అతికిస్తాడు?

తర్వాత, కాపలాకి ఒకర్ని పెట్టుకోండి. డైరెక్టర్ కాదు, నటుడూ కాదు. టీలు చూసుకునే కుర్రాడైనా సరే, ప్రాంప్టర్ అయినా సరే. కట్ అనగానే వచ్చి మిమ్మల్ని సొంత పేరుతో పిలవాలి. బృందంలో అందరూ మిమ్మల్ని మామయ్యా అని పిలుస్తూ ఉంటే షూటింగ్ అయ్యేదాకా ఆపమనండి.

సొంత బట్టల్లో ఆడుతున్నారా? న్యూయార్క్ వాళ్లని చూసి అలాగే చేస్తున్నారనుకుంటాను. మీకు అది పడదు. వాన్యాకి చెందిన వస్తువు ఒకటైనా వేరుగా ఉండాలి. ఏది వాడాలో చెహోవే చెప్పాడు. వాన్యాని మాసిన బట్టల పల్లెటూరి ఆసామిలా చూపిస్తే ఆయనకి కోపం. అతను బ్రహ్మాండమైన టైలు కట్టుకుంటాడు, నాటకంలో రాశానుగా అనేవాడు. టై మీకు అలవాటు లేకపోతే మరీ మంచిది. యాక్షన్‌కి ముందు బిగించండి, కట్ అనగానే లాగేయండి. మూడో అంకం, నాలుగో అంకం ఒకే రోజు జరిగేవి కాబట్టి ఇదివరకు టై లేకుండా తీసుంటే ఇప్పుడు పెడితే కంటిన్యుటీ దెబ్బతింటుంది. అలాగైతే కనపడకుండా జేబులో ఒక కొత్త రుమాలు పెట్టుకోండి, ఇంటికి తీసుకెళ్లకండి.

ఇంకొకటి. 2021లో వచ్చిన జపాన్ సినిమా ‘డ్రైవ్ మై కార్’లో నాయకుడు ఒకప్పుడు వాన్యా వేసిన నటుడు. భార్య పోయాక ఆ వేషం వేయలేనంటాడు. చెహోవ్ మాటలు పలికితే లోపలి మనిషి బయటికొస్తాడని అతని భయం. హిరోషిమాలో ఇదే నాటకం చేయిస్తూ నటులతో ఏ భావమూ లేకుండా, పద్దులు చదివినట్టు స్క్రిప్ట్ చదివిస్తాడు. రోజుల తరబడి. శనివారం సాయంత్రం మీరూ చివరి అంకం అలా చదవండి. మధ్యలో ఏ మాట దగ్గర గొంతు వణికితే దాని కింద గీత పెట్టుకోండి. అక్కడ మీ బావగారున్నారు.

బావగారి పని షూటింగ్ అయ్యాక పెట్టుకోండి, ఒక వారం ఆగి. పదహారేళ్ల కౌలు, శిస్తు, బోరు రిపేరు, మీరు జేబులోంచి పెట్టిందీ అన్నీ రాయండి. ఆ పొలం మీద ఆయనకే కాదు, అక్క బిడ్డకీ హక్కుంది, లెక్క ఆ పిల్లకి కూడా చూపించాల్సిందే. నాటకంలోనూ ఎస్టేటు అసలు సోన్యాది అన్నది అందరూ మరిచిపోయే విషయం. లెక్క ఇచ్చాక, అడిగిన తీరు నాకు కష్టం వేసిందని మీ మాటల్లో చెప్పండి. వాన్యా డైలాగులు చాలా బాగుంటాయి, అందుకే వాడొద్దంటున్నాను. మేనకోడలు ఫోన్ చేసినప్పుడు మాత్రం ముందు ఆమె అన్నం తిన్నదో లేదో అడగండి. తల్లి లేని పిల్లకి మామయ్య కావాలి. సోన్యాకి ఉన్న మామయ్య అక్కర్లేదు.

నిద్ర సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. వాన్యా డాక్టర్ సంచిలోంచి మార్ఫిన్ సీసా దొంగిలించే సీన్ చివరి అంకంలోనే ఉంది. ఆ ఆలోచనలు మీకు సీన్ బయట వస్తున్నాయా? మొహమాటం లేకుండా అడుగుతున్నాను. వస్తుంటే ఆదివారం దాకా ఆగకండి. ప్రభుత్వ టెలి మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. అలాంటివేం లేకపోయినా, షూటింగ్ అయిన రెండు వారాలకి కూడా నిద్ర రాకపోతే డాక్టర్‌కి చూపించుకోండి.

డైరెక్టర్‌కి ఒక్క మాట చెప్పండి, మర్యాదగానే. వేడి నా దగ్గరుంది, మా ఇంట్లోంచి తెప్పించాల్సిన పని లేదు అని. మీ ఇంటి సంగతి తెలిసే మీకు ఈ వేషం ఇచ్చుంటే అది తప్పనను, దర్శకులు అలాగే వెతుక్కుంటారు. కానీ బతికున్న మనిషికి ఫోన్ కొట్టించి సీన్ పండించుకోవాలనుకోవడం దర్శకత్వం కాదు. పైగా నాటకం చదివినవాడు అడగాల్సింది కూడా కాదు. ఆ అంకంలో వేడి ఎక్కడుంది? బావా బావమరుదులు రాజీ పడతారు. ఇదివరకటిలాగే డబ్బు పంపుతానంటాడు వాన్యా. బళ్లు వెళ్లిపోతాయి. మామయ్య, మేనకోడలు దీపం పెట్టుకుని లెక్కలు రాస్తారు. ఫిబ్రవరి రెండు, నూనె ఇరవై పౌన్లు. ఫిబ్రవరి పదహారు, మళ్లీ నూనె ఇరవై పౌన్లు.

మీ ఇంటి కౌలు పుస్తకం బీరువాలోనే ఉంచండి. పుస్తకాల షాపులో ఒక లాంగ్ నోట్‌బుక్ కొనుక్కెళ్లి, మొదటి పేజీలో ఆ నూనె లెక్క మీ చేత్తో రాసుకోండి.